బాపయ్యనగర్ స్టేజీ

గవ్వలపాలెం,
12-6-1983.

చెల్లెలు దేవకుమారికి,

అన్న జక్రయ్య రాసేది. బాగానే ఉన్నాను. మోకాలు నొప్పి ఉంది, అది ఎప్పుడూ ఉండేదే. నీ ఉత్తరం వచ్చి చాలా కాలమైంది. రాయడానికి ఏమీ లేక రాయలేదు. ఇప్పుడు ఉంది.

ఊరికి బస్సు వచ్చింది. చీరాల నుంచి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మన మందిరం ముందే ఆగుతుంది. ఇసుక మీద తారు రోడ్డు వేశారు. లాడ్జీలు లేచాయి, ఇంకోటి కడుతున్నారు. గుంటూరు నుంచి, నరసరావుపేట నుంచి మిరపకాయల వ్యాపారస్తులు పెళ్ళాం పిల్లల్తో వస్తున్నారు. నీళ్ళలో నిలబడి కేకలేస్తారు. ఐస్‌ఫ్రూట్ తింటారు. చీకటి పడేలోగా పోతారు. తుఫాను వెళ్ళాక నేను ఇక్కడికి తిరిగొచ్చినప్పుడు పెద్దోళ్ళ బంగళాలు, కూలిన తాటిచెట్లు తప్ప ఏమీ లేవు. పాస్టరు తోమాగారు మందిరం ఊడ్చే పని ఇస్తే చాలనుకున్నాను. ఇప్పుడు ఇది బస్తీ.

బాపయ్యగారి కొడుకు యలమందరావు మొన్న మందిరానికి వచ్చాడు. చెప్పులు విప్పలేదు. నేను ఊడుస్తున్నాను.

"ఏం జక్రయ్యా, నాన్నగారిని మొదట్నుంచీ ఎరిగినవాడివి నువ్వొక్కడివే మిగిలావు" అన్నాడు.

"అవునండి" అన్నాను.

వచ్చే ఫిబ్రవరిలో బాపయ్యగారి విగ్రహం పెడతారంట. మంత్రి వస్తాడంట. ఊరికి బాపయ్యనగర్ అని పేరు పెడతారంట. ఊరు ఎట్లా పుట్టిందో పుస్తకం కూడా అచ్చేస్తున్నారు. ఈ ఇసుకలో వాళ్ళ నాన్న ఒంటరిగా కుటీరం వేసుకుని, తన చేత్తో వండుకు తిని, ఊరు కట్టాడని రాశారు.

"వేదిక మీద కూర్చోబెడతాం. లేచి, అవును నేను చూశాను అను. అంతే. నీకు మాటలు రావుగా, రెండు ముక్కలు చాలు" అన్నాడు.

"అలాగేనండి" అన్నాను.

చెప్పేది మాత్రం అది కాదు. ఇన్నేళ్ళు నన్ను దేవుడు ఎందుకు ఉంచాడో ఆ పూట తెలిసింది. ఎవరికీ చెప్పకు.

జక్రయ్య


దర్శి,
24-6-1983.

అన్నయ్యకు దేవకుమారి వందనాలు.

నీ ఉత్తరం చూసి చేతిలో చాట పక్కన పెట్టేశాను. నువ్వు నాలుగు లైన్లు మించి రాయగా చూడటం ఇదే మొదలు. చదివించుకోవడానికి ఎవరూ అక్కర్లేకుండా నేనే చదువుకున్నందుకు ఆ బడికి వందనం చెప్పుకున్నాను.

నువ్వు మైకు ముందు మాట్లాడతావా? నీ పెళ్ళిలో పాస్టరుగారు "ఇష్టమేనా" అంటే తలూపావు. ఆయన మళ్ళీ అడిగితే మళ్ళీ ఊపావు. వదిన పాపం, "నన్ను మూగాయనకిచ్చారా" అని నా చెవిలో అడిగింది. ఆ మనిషివి మంత్రి ముందు ఏం మాట్లాడతావు, నాకు చెప్పు ముందు.

నాకు ఆ రోజులు సరిగా తెలియవు. అప్పుడు నాకు ఐదేళ్ళు. పాకలో ఒక మనిషి దగ్గుతూ ఉండేవాడు, అది గుర్తుంది. ఆయన కంచం చూరులో దోపి ఉండేది. నేను దాన్ని ముట్టుకుంటే అమ్మ చెయ్యి మీద కొట్టింది. ఆయన బాపయ్యే గదా? తర్వాత నన్ను దర్శి బోర్డింగులో వేశారు. సెలవులకొస్తే మన పాక వెనక బంగళా ఉండేది. మరోసారి వస్తే పాకే లేదు.

మొదట్నుంచీ రాయి. నేను ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిల్ ఉమెన్ పనికి వీడుకోలు చెప్పి ఇంట్లో కూర్చున్నాను. చదవడానికి తీరిక ఉంది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఉంది.

దేవకుమారి


గవ్వలపాలెం,
17-7-1983.

చెల్లెలికి,

అడిగావు గనక రాస్తున్నాను. చెయ్యి నొప్పి పుడుతుంది. ఆగి ఆగి రాశాను.

బాపయ్యగారు చీరాలలో పొగాకు కొనేవాడు. ఆ పొగాకు దుమ్ముకో దేనికో ఛాతీ చెడింది. రక్తం పడేది. డాక్టరు సముద్రపు గాలికి పొమ్మన్నాడు. ఎద్దుల బండి మీద పడుకోబెట్టి తెచ్చారు. నాకు పదహారేళ్ళు. రేవులో పల్లెకారులు జబ్బుకి భయపడి రానివ్వలేదు. ఇంటివాళ్ళూ భయపడ్డారు. బండివాడు మన పేట దగ్గర దింపి, సాయంత్రం వస్తానని పోయాడు. రాలేదు.

అమ్మ ఆయన్ని పాకలోకి తెచ్చింది. మనం బయట పందిట్లో పడుకున్నాం. వాళ్ళది నీసు ముట్టని ఇల్లు. మొదట్లో కొత్త కుండ తెప్పించుకుని తనే వండుకున్నాడు. పొయ్యి ఊదబోయి దగ్గి పడిపోయాడు. తర్వాత అమ్మ వండింది. తర్వాత మన కుండలోదే తిన్నాడు. అమ్మ పీతల్ని రోట్లో దంచి, రసం పిండి, మిరియాలు వెల్లుల్లి వేసి చారు కాచేది. రొమ్ము పట్టేసినవాళ్ళకి మనవాళ్ళు ఇచ్చేది అదే గదా. ముందు పప్పుకట్టు అని చెప్పి ఇచ్చింది. ఆయనకి తెలిసిపోయింది. తెలిసి, "ఇంకొంచెం పొయ్యి కొండమ్మా" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

ఒక చలికాలం, ఒక ఎండాకాలం అట్లా ఉన్నాడు. ఒళ్ళు చేసి వెళ్ళాడు. మరుసటి ఏడు మన పాక వెనకే బంగళా మొదలెట్టాడు. స్నేహితుల్ని తెచ్చాడు. వాళ్ళు పొగాకువాళ్ళు, మిల్లులవాళ్ళు. వాళ్ళూ తలా ఒక బంగళా. నీళ్ళు మోసింది మనం. ఊరు పుట్టింది ఇట్లా. యుద్ధం అయ్యాక ఆ ఇసుకంతా తన పేర రాయించుకున్నాడు. పేట లేపేశారు. మన పొయ్యి ఉన్నచోట ఇప్పుడు కారు షెడ్డు ఉంది.

నేను మైకులో చెప్పేది ఒక్క మాట. బాపయ్యగారు మా ఇంట్లో, మా కుండలో, పీతల చారు తాగి బతికాడు. చెప్పి కూర్చుంటాను. వాళ్ళ చుట్టాలంతా ముందు వరసలో ఉంటారు.

జక్రయ్య


దర్శి,
2-8-1983.

అన్నయ్యకు,

ఈ ఉత్తరం రాసేటప్పుడు నాకు నవ్వొస్తోంది. మంచి నవ్వు కాదు. ప్రార్థన చేసుకున్నా పోలేదు, ఇక ఉంచుకున్నాను.

చెప్పు. కానీ గొణగొద్దు. పీతలు అనే మాట దగ్గర ఆగు. జనం "ఆఁ?" అంటారు. అప్పుడు మళ్ళీ చెప్పు. చెప్పి, బాపయ్య పెళ్ళాం సుబ్బరావమ్మ మొహం చూడు. ఆమె ఇంకా ఉంది గదా? మడి కట్టుకుని మన వీధిలోకి చూపు కూడా తిప్పేది కాదు. నేను వచ్చి ముందు వరసలోనే కూర్చుంటాను. ఎవరు లేపుతారో చూస్తాను.

అయితే ఒకటి అడుగుతాను. స్థలాలు పోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. మార్టూరులో రాతి క్వారీలకి పొలాలు పోయినవాళ్ళు నాకు తెలుసు. తిడతారు, ఏడుస్తారు, మర్చిపోతారు. నువ్వు ముప్పై ఏళ్ళు దాటినా మర్చిపోలేదు. మళ్ళీ ఆ బంగళా ఎదటికే పోయి కూర్చున్నావు. నువ్వు ఇంకేదో దాస్తున్నావు. అమ్మ పోయినప్పుడు నాకు కార్డు రాశావు. "జ్వరం వచ్చి అమ్మ పోయింది" అని. నేను వచ్చేసరికి మట్టి చేశారు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఎద్దులకి నీళ్ళు పెట్టాలని లేచి పోయేవాడివి.

ఇప్పుడు ఎద్దులు లేవు. చెప్పు.

దేవకుమారి


గవ్వలపాలెం,
29-8-1983.

చెల్లెలికి,

జ్వరం లేదు.

పేట లేపే ముందు రోజు అందరూ ఏడుస్తుంటే అమ్మ ఏడవలేదు. "బాపయ్యబాబుకి తెలియక చేస్తున్నారు, నేను పోయి చెప్తాను" అంది. తెల్లచీర కట్టుకుంది. నేను వెంట వెళ్ళాను. బంగళా వరండాలో కుర్చీలు వేసుకుని ఆయన, తాలూకా నుంచి వచ్చిన అధికారి, ఇంకా పెద్దమనుషులు ఉన్నారు. గుమ్మంలో సుబ్బరావమ్మగారు నిలబడి ఉంది. యలమందరావు అప్పుడు పిల్లాడు, మెట్ల మీద ఆడుకుంటున్నాడు.

అమ్మ మెట్ల కింద నిలబడి, "బాపయ్యబాబూ, నేను కొండమ్మని" అంది.

ఆయన చూశాడు. బాగా చూశాడు. చూసి అధికారి వైపు తిరిగి, "ఎవరో పిచ్చిది. నాకు తెలియదు" అన్నాడు.

అమ్మ కాసేపు నిలబడింది. వచ్చేశాం. దారిలో నాతో, "పేరు మర్చిపోయుంటాడు లేరా. ఎంతమందితో పని ఆయనకి" అంది. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ గుండె మండుతుంది. తిట్టి ఉంటే పోయేది.

బండి కట్టుకుని మార్టూరు వైపు మేనమామ ఇంటికి బయల్దేరాం. దారిలో అన్నం పెడితే తినలేదు. నీళ్ళు తాగింది. మార్టూరు ఇంకా రాకముందే, బండిలో, కూర్చున్నట్టే పోయింది. కాలవ కట్ట పక్కన పెట్టాం. కూడిక లేదు, పాట లేదు. పాస్టరుకి కబురు చేసే దారి లేదు.

ఇదీ సంగతి. ఇల్లు పోయిందని కాదు నా బాధ. ఆ ఇంటివాళ్ళు అమ్మ పేరు తెలియదన్నారు. ఆ ఇంటి నోటితోనే, పదిమంది వినేటట్టు, ఆ పేరు అనిపించాలి. అది చూసి పోతే చాలు. రోజూ ఆ గేటు ముందు నుంచి నడుస్తాను. ఒక్కనాడూ చల్లారలేదు.

జక్రయ్య


దర్శి,
6-9-1983.

అన్నయ్యా,

చదివాను.

అనిపించు.

దేవకుమారి


గవ్వలపాలెం,
30-10-1983.

చెల్లెలికి,

పని చెడింది.

నాకు నలుగురిలో మాట రాదు గదా. ముందు కొంచెం అలవాటు కావాలనుకున్నాను. మందిరం ఎదురుగా అమీర్‌బీ టీ కొట్టు ఉంది. మంచిది ఆమె. పొద్దున బస్సు వచ్చే వేళకి అక్కడ జనం ఉంటారు. మిరప చేలకి కూలీల్ని తోలే పుల్లయ్య ఉన్నాడు, మన సంఘంలో ఆదాం ఉన్నాడు, బస్సు కండక్టరు జయరావు ఉన్నాడు. వాళ్ళు విగ్రహం సంగతి మాట్లాడుకుంటున్నారు. నేను గ్లాసు పట్టుకుని లేచి నిలబడ్డాను. లేచి నిలబడక్కర్లేదు, అయినా నిలబడ్డాను. అనుకున్న మాట చెప్పేశాను.

పుల్లయ్య గట్టిగా నవ్వాడు.

"ఏందీ, మీ ఇంట్లోనా? మీ కుండలోదా? ఛీ ఛీ. ఎంత గతి పట్టిందయ్యా బాపయ్యకి" అన్నాడు. అని పక్కకి తిరిగి ఉమ్మాడు.

ఒకాయన తాగుతున్న గ్లాసు చూసుకుని, "ఇది ఎవరు తాగిన గ్లాసు అమీర్‌బీ, సరిగా కడిగావా?" అన్నాడు. నా వైపు చూస్తూ అన్నాడు. అందరూ నవ్వారు. ఆదాం కూడా నవ్వాడు. మన ఆదాం. తర్వాత తల దించుకున్నాడు.

జయరావు ఒక్కడే నవ్వలేదు. ఈల వేసి బస్సెక్కాడు.

నేను బాపయ్యని కొడదామనుకున్నాను. ఆ ఉమ్మి బాపయ్య మీద పడలేదమ్మా. అమ్మ కుండలో పడింది. అమ్మ చేతి కూడు మైల అని నేనే పదిమందిలో చాటి వచ్చినట్టయింది. వేదిక మీద చెప్పినా ఇదే జరుగుతుంది. ఇంకా పెద్ద నవ్వు వస్తుంది, అంతే.

సాయంత్రానికి యలమందరావుకి తెలిసింది. స్కూటరు మీద వచ్చాడు.

"ఏరా, నోరు లేదనుకుంటే బాగానే ఉందే" అన్నాడు. "మా నాన్న నీసు ముట్టిన మనిషి కాదు. వేదిక ఎక్కొద్దు నువ్వు. ఆ రోజు ఆ చుట్టుపక్కల కనిపించొద్దు. ఇంకోసారి ఆ మాట విన్నానంటే ఈ మందిరం ఎవరి జాగాలో ఉందో కొలిపిస్తా."

"అలాగేనండి" అన్నాను.

వదిలేస్తాను. నాకు చేతకాలేదు. నువ్వు రావద్దు.

జక్రయ్య


దర్శి,
8-11-1983.

అన్నయ్యకు,

వదిలేస్తావా? నేను వదలను. ఇప్పుడే కదా నాకు పట్టుకుంది.

నీ మీద చాలా కోపం వచ్చింది. తర్వాత ఆ పుల్లయ్య మీద వచ్చింది. వాడు ఎందుకు ఉమ్మాడో ఆలోచించాను. వాడు తినలేదు కాబట్టి ఉమ్మాడు. బాపయ్య తిన్నాడు, ఉమ్మలేదు, ఇంకొంచెం పొయ్యమన్నాడు. మనం చెప్పడం దండగ అన్నయ్యా. అమ్మ ఎవరికైనా ఏదైనా చెప్పిందా? వండి పెట్టింది. మనమూ అదే చేద్దాం.

అమ్మకి జ్ఞాపకార్థ కూడిక మనం ఎప్పుడూ పెట్టలేదు. కాలవ కట్ట మీద పాట లేదు, ప్రార్థన లేదు అన్నావు. ఇప్పుడు పెడదాం. మందిరం ఆవరణలో పెడదాం. ప్రేమ విందు పెడదాం. విగ్రహం పెట్టే రోజునే పెడదాం. కూడిక చేసుకోవద్దని మంత్రి కూడా అనలేడు. నువ్వు వేదిక దగ్గర కనిపించొద్దన్నాడు గదా, కనిపించకు. పొయ్యి దగ్గర ఉండు.

బియ్యం సంగతి నాకొదిలెయ్. మన ఆడవాళ్ళు ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి మందిరం కుండలో వేస్తారు గదా. ఇన్నేళ్ళు ఈ దర్శి చుట్టూ ఆ బియ్యం నేనే పోగు చేశాను. పాస్టరమ్మని అడిగాను. కొండమ్మ పేర ఇస్తామన్నారు. బస్తాలు చీరాల లారీలో వేయిస్తాను. తోమాగారితో నువ్వు మాట్లాడు. మాట్లాడలేకపోతే ఈ ఉత్తరం ఆయన చేతిలో పెట్టు.

పీతలు రేవులో చెప్పు. అమీర్‌బీని పిలువు. నీసు తిననివాళ్ళకి పప్పు విడిగా పెట్టండి, వేరే గరిటె. మోసం చేసి ఎవరికీ పెట్టొద్దు. అడిగినవాళ్ళకే పొయ్యాలి. మిరియాలు రోట్లోనే దంచాలి, మరపట్టించొద్దు.

నేను వద్దామనుకున్నాను గాని బావి దగ్గర జారి కాలు బెణికింది. చీలమండ గుమ్మడికాయంత ఉంది. నువ్వే చెయ్యాలి. ఎవరైనా ఎవరి పేర పెడుతున్నారంటే మాత్రం నోరు విప్పు. ఆ ఒక్క మాటా చెప్పు.

దేవకుమారి


గవ్వలపాలెం,
19-2-1984.

చెల్లెలికి,

అయింది. చేతులు కాలాయి, అందుకే ఆలస్యంగా రాస్తున్నాను.

తోమాగారు నీ ఉత్తరం చదివారు. "ఇది కూడికా, కక్షా?" అని అడిగారు. నేను చీపురు తీసుకున్నాను. "సరే, అన్నం పెడితే కాదనడానికి నేనెవర్ని" అన్నారు.

మంత్రి పొద్దున పదింటికన్నారు. పల్లెల నుంచి లారీల్లో జనాన్ని తెచ్చారు. మధ్యాహ్నం దాటినా మంత్రి రాలేదు. ఎండ. బంగళాలో భోజనాలున్నాయి, పిలుపు కార్డు ఉన్నవాళ్ళకే. మిగతావాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని ఇసుకలో కూర్చున్నారు. మనం అప్పటికి ప్రార్థన ముగించాం. ఆదాం రాత్రంతా నిద్రపోకుండా కట్టెలు కొట్టాడు. నేను అడగలేదు, వాడే వచ్చాడు. కాగులు దించాం. గాలి సముద్రం మీద నుంచి మళ్ళింది. మిరియాల ఘాటు వాళ్ళ షామియానాలోకి పోయింది.

ముందు ఒక ముసలామె వచ్చింది. తర్వాత ఇద్దరు. తర్వాత లారీ జనం లేచి వచ్చారు. విస్తళ్ళు చాలక తాటాకులు కోశాం. మంత్రి వచ్చేసరికి మైకాయన ఖాళీ కుర్చీలకి నమస్కారం పెడుతున్నాడు. "దయచేసి భోజనాల దగ్గర్నుంచి రండి" అని మైకులో పిలిచాడు. చేతులు కడుక్కుని వస్తాం అన్నారు. యలమందరావు వేదిక మీద నుంచి మా వైపే చూస్తూ కూర్చున్నాడు. నేను రెండుసార్లు తలెత్తి చూశాను. రెండుసార్లూ చూస్తున్నాడు.

"ఎవరి పేరున పెడుతున్నారు తాతా?" అని అడిగారు.

"కొండమ్మ" అన్నాను.

"ఎవరా కొండమ్మ?"

"ఈ ఊళ్ళో మొదట అన్నం పెట్టిన మనిషి" అన్నాను. ఇంకేమీ అనలేదు. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పాను. చివరికి నాకు భయం పోయింది.

పుల్లయ్య వచ్చాడు. వస్తాడని తెలుసు, వాడు తీసుకొచ్చిన లారీయే అది. పక్కాయన విస్తట్లో చూసి, "అదేందో నాకూ పొయ్యి" అన్నాడు. పీతల చారు అని చెప్పాను. పొయ్యమన్నాడు. తాగాడు. ముక్కు తుడుచుకుని మళ్ళీ పొయ్యమన్నాడు. రెండోసారి పోసింది నోట పెట్టుకున్నప్పుడు, "బాపయ్యగారు తాగింది ఇదే" అన్నాను.

నోట్లో ఉంది. అటు చూశాడు, ఇటు చూశాడు. చుట్టూ అందరూ తాగుతున్నారు. మింగాడు.

ఎన్నేళ్ళకో కంటి నిండా నిద్రపోయాను. దేవుడు క్షమించాలి.

విగ్రహం పెట్టారు. ఊరి బోర్డు మార్చారు. బాపయ్యనగర్ అని రాశారు. పుస్తకం కూడా వచ్చింది. అమ్మ పేరు అందులో లేదు. ఆ సాయంత్రమే యలమందరావు సర్వేయరుని కూడా పంపాడు. మందిరం జాగా మందిరానిదే అని తేలింది. సర్వేయరు మిగిలిన అన్నం తిని వెళ్ళాడు.

జనం మర్నాడు కూడా వచ్చి భోజనం ఉందా అని అడిగారు. లేదన్నాను. అనడం నాకు బాగాలేదు. నువ్వు అక్కడ ఒక్కదానివి ఏం చేస్తున్నావు? కాలు తగ్గగానే ఇక్కడికి వచ్చెయ్.

జక్రయ్య


గవ్వలపాలెం,
5-5-1985.

అన్నయ్యకు,

నువ్వు గుంటూరు కంటి ఆసుపత్రికి పోయాక పాకలో చెయ్యి ఆడట్లేదు. ఆపరేషను ఎట్లా జరిగింది? కట్టు విప్పకుండా ఈ ఉత్తరం చదవొద్దు. పక్క మంచం వాళ్ళ చేత చదివించుకో. సిగ్గుపడకు.

నేను దర్శి వదిలి వచ్చి ఏడాది దాటింది. మందిరం జాగాలో పాక వేస్తే బస్సు వాళ్ళు తింటారులే అనుకున్నాం. ఇప్పుడు ఎండాకాలం జనం చూస్తే నాకే భయమేస్తోంది. లాడ్జీలో దిగినవాళ్ళు కూడా మధ్యాహ్నం ఇటే వస్తున్నారు. అమీర్‌బీ టీ కొట్టు మూసి మన పొయ్యి దగ్గరే కూర్చుంటోంది. మనం బోర్డు పెట్టలేదు. అయినా కండక్టర్లు "కొండమ్మ పాక, దిగాలి దిగాలి" అనే అరుస్తున్నారు. ఊళ్ళోకి దారి అడిగితే కొండమ్మ పాక నుంచే చెప్తున్నారు.

నిన్న ఒకటి జరిగింది. నువ్వు ఉండి చూడాల్సింది.

చింతపండుకి చీరాల పోయి సాయంత్రం బస్సులో వస్తున్నాను. బుట్ట కాళ్ళ దగ్గర పెట్టుకుని వెనక కూర్చున్నాను. యలమందరావు ఎక్కాడు. వెనకాల వాళ్ళమ్మ సుబ్బరావమ్మ, కర్ర పట్టుకుని. కారు చెడిపోయిందంట. ఎవరో లేచి ఆమెకి సీటిచ్చారు. ఆయన నిలబడ్డాడు. బస్సు కిటకిటగా ఉంది. జయరావు వచ్చాడు.

"ఎక్కడికండి?"

"బాపయ్యనగర్ రెండు."

"ఆ స్టేజీ లేదండి" అన్నాడు జయరావు.

"లేకపోవడమేంది? బోర్డు మీద ఇంతింత అక్షరాలతో రాసుంటే."

"బోర్డు ఉంటే ఉంటదిలెండి. అక్కడ ఎవరూ దిగరు. నా లిస్టులో గవ్వలపాలెం ఉంది."

"సరే, గవ్వలపాలెమే కొట్టు."

"గవ్వలపాలెంలో రెండుచోట్ల ఆగుద్దండి. రేవు ఒకటి. ఇంకోటి ఇవతల. అమ్మగారు ముసలామె, అవతల దింపితే ఇసుకలో నడవలేదు. ఎక్కడ దిగుతారో చెప్పండి, టిక్కెట్టు కొడతా."

ముందు సీట్లలో వాళ్ళు మెడలు తిప్పారు. నేను బుట్ట గట్టిగా పట్టుకున్నాను.

అన్నం పొంగుతోంది. అమీర్‌బీ కేకలేస్తోంది. మందులు సరిగా వేసుకో. ఉంటాను.

దేవకుమారి


గుంటూరు,
11-5-1985.

దేవకుమారికి,

ఒక కన్నుతో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతాయి. ఆపరేషను బాగానే అయింది.

నీ ఉత్తరం పక్క మంచం పెద్దాయన చదివాడు. అక్కడికి వచ్చి ఆగిపోతే ఆయన కూడా నిన్ను తిట్టాడు. అన్నం పొంగితే పొంగనివ్వాల్సింది.

కారు షెడ్డు నా కళ్ళలో ఉంది. వరండా ఉంది. మెట్ల మీద ఆడుకునే ఆ పిల్లాడు ఉన్నాడు. నాకు ఒకటే కావాలి. అన్నాడా? తన నోటితో అన్నాడా, జయరావే అని టిక్కెట్టు కొట్టాడా? తప్పించుకున్నాడా? రేవులో దిగి ముసలామెని నడిపించాడా? ఉన్నది ఉన్నట్టు రాయి. నన్ను సంతోషపెట్టడానికి రాయొద్దు.

జక్రయ్య


గవ్వలపాలెం,
15-5-1985.

అన్నయ్యకు,

ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను.

చాలాసేపు అనలేదు. జయరావు టిక్కెట్ల చెక్క చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. డ్రైవరు కూడా బండి నెమ్మది చేశాడు. సుబ్బరావమ్మగారు తల తిప్పి నన్ను చూసింది. నన్ను ఎరిగి కాదు, నేను అమ్మ పోలిక గదా. చూసి, కొడుకు చొక్కా అంచు పట్టి లాగింది. "అనరా. ఎక్కడ దిగాలో అక్కడే దిగాలి గదా" అంది. మెల్లిగానే అంది, కానీ నేను విన్నాను.

అప్పుడు అన్నాడు. "కొండమ్మ పాక, రెండు."

కిందకి చూస్తూ, పెదవి కదిలీ కదలకుండా అన్నాడు. జయరావు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏందండీ? ఇంజను మోతలో వినపడలా" అన్నాడు.

ఆయన మళ్ళీ అన్నాడు. ఈసారి బస్సంతా విన్నది.

జయరావుకి చెవుడేమీ లేదు.

దేవకుమారి